రెదూత్ కొండకి ముందే ఏదో ఒకటి జరగాలి

రేపు ఆదివారం, 2025 ఏప్రిల్ 27, బెల్జియంలో లియేజ్–బాస్తోన్–లియేజ్ సైకిలు రేసు. "అక్కా, ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన రేసును ఆరు గంటలు కూర్చుని ఎలా చూస్తావు?" అని మా తమ్ముడు నిన్న ఫోనులో అడిగాడు. అడగడంలో తప్పు లేదు. స్లొవేనియా ఆటగాడు తదేయ్ పొగాచార్ బరిలో ఉంటే మిగతావాళ్లంతా రెండో స్థానం కోసమే తొక్కుతారన్న మాట ఈమధ్య వ్యాఖ్యాతలందరి నోటా వింటున్నాం. కానీ పోయిన ఆదివారమే అతను ఓడిపోయాడు. అదీ తనకు అచ్చొచ్చిన పద్ధతిలోనే, ఒంటరిగా ముందుకు వెళ్లిపోయి, పట్టుబడి మరీ ఓడిపోయాడు. అది చూసినవాళ్లెవరూ రేపు టీవీ కట్టేసి ఉండలేరు.

చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టెల్ గోల్డ్ రేస్. ఇంకా 40 కిలోమీటర్లకు పైగా ఉండగానే జూలియన్ అలాఫిలిప్ గుంపును వదిలి ముందుకు దూకాడు. పొగాచార్ అతన్ని అందుకున్నాడు, కాసేపు కలిసి తొక్కాడు, తర్వాత వదిలించుకుని ఒక్కడే సాగిపోయాడు. ఇక్కడిదాకా మనకు అలవాటైన కథే. అలవాటు లేనిది వెనక జరిగింది. డెన్మార్క్ కుర్రాడు మాతియాస్ స్కెల్మోసే, బెల్జియం రెంకో ఎవెనెపూల్ ఒకరికొకరు దొరికారు. ఎవరు ఎక్కువ లాగారు, ఎవరు తక్కువ లాగారు అని లెక్కలు వేసుకోకుండా వంతులవారీగా ముందుండి తొక్కారు. ముగింపుకు పది కిలోమీటర్ల లోపే పొగాచార్‌ను పట్టుకున్నారు. చివర్లో ముగ్గురూ స్ప్రింట్ చేశారు. ఫొటో చూస్తే తప్ప తేలని తేడాతో స్కెల్మోసే మొదటివాడు, పొగాచార్ రెండు, ఎవెనెపూల్ మూడు.

మూడు రోజులు తిరగకుండానే పొగాచార్ జవాబు చెప్పాడు. బుధవారం ఫ్లెష్ వాలోన్ రేసు. వాన, చలి. ఆ రేసంతా చివరి కొండ కోసమే ఉంటుంది: మ్యూర్ ద ఉయి, 1.3 కిలోమీటర్లు, సగటున 9.6 శాతం వాలు. మిగతావాళ్లు హ్యాండిల్ మీదికి వాలి, భుజాలు ఊపుతూ తొక్కుతున్నారు. అతను సీటు మీద నుంచి లేవకుండానే వాళ్లను వదిలేశాడు. రెండో స్థానంలో వచ్చిన కెవిన్ వోక్లాన్ 10 సెకన్లు వెనక. ఆ కొండ మీద 10 సెకన్లంటే చాలా పెద్ద తేడా. అక్కడ మామూలుగా ఒకటి రెండు సెకన్లతో గెలుస్తారు.

కాబట్టి రేపటి రేసుకు మన ముందు రెండు సాక్ష్యాలున్నాయి. కొండ చివరిదైతే, నిట్టనిలువుగా ఉంటే, అతన్ని ఆపేవాడు లేడు. కొండకీ ముగింపుకీ మధ్య దూరం ఉంటే, వెనక కలిసి పనిచేసే ఇద్దరు ఉంటే, అతన్నీ పట్టుకోవచ్చు. లియేజ్ ఈ రెంటిలో దేనికి దగ్గర? నా ఆలోచనంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

దారి సంగతి చూద్దాం. లియేజ్ నుంచి దక్షిణాన బాస్తోన్‌కి వెళ్లి మళ్లీ లియేజ్‌కి రావడం. 1892లో మొదలైన ఈ రేసు సైక్లింగ్‌లోని ఐదు మహా రేసుల్లో అన్నిటికంటే పాతది. అందుకే దీన్ని పెద్దమ్మ అన్నంత గౌరవంతో పిలుస్తారు. మొదటి మూడుసార్లూ గెలిచింది లియేజ్ ఊరివాడే, లియోన్ ఊవా. బాస్తోన్‌నే మలుపుగా ఎంచుకోవడానికి కారణం రైలు అంటారు: రేసు అధికారులు లియేజ్‌లో రైలెక్కి అక్కడికి చేరుకుని, వచ్చినవాళ్లను లెక్కపెట్టుకుని, మళ్లీ రైల్లో తిరిగి రావచ్చు.

మొత్తం 250 కిలోమీటర్ల చిల్లర. ఎక్కే ఎత్తంతా కలిపితే 4,000 మీటర్లు దాటుతుంది. బాస్తోన్‌కి వెళ్లే సగం కాస్త తేలిక. తిరుగు దారిలోనే కొండలన్నీ పేర్చి పెట్టారు. ఉఫలీజ్ ఊళ్లో సాన్-రోక్ నుంచి లెక్క మొదలవుతుంది. తర్వాత వాన్, స్తోకూ, ఒత్-లెవే అనే మూడు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. స్తోకూ కిలోమీటరే గానీ 12.5 శాతం, దాని నెత్తిన బెల్జియం దిగ్గజం ఎడీ మెర్క్స్ స్మారకం ఉంది. ఆయన ఈ రేసును ఐదుసార్లు గెలిచాడు, ఇప్పటికీ అంతకంటే ఎక్కువ ఎవరూ గెలవలేదు. ఆ మూడూ దాటాక రోజియే, దెనియే, ఆ తర్వాత ముగింపుకు దాదాపు 34 కిలోమీటర్ల ముందు ల రెదూత్. ఆపైన ఫోర్జ్, చివరగా 13 కిలోమీటర్లు ఉందనగా రోష్-ఓ-ఫోకోన్.

రెదూత్ కొండను నేను ఒకసారి ఎక్కాను. అద్దె సైకిలు, ఎండ రోజు, వెనక ఎవరూ తరమడం లేదు. అయినా ఆ 1.6 కిలోమీటర్లు నన్ను ఉతికి ఆరేశాయి. టీవీలో తెలియని సంగతి ఒకటి అక్కడ తెలిసింది. కొండ మొదట్లో రోడ్డు పక్కనే మోటార్ వే పోతుంది. లారీల హోరులో మన ఊపిరి మనకు వినిపించదు. ఇదేనా ఇంత పేరున్న కొండ అనుకుంటాం. మోటార్ వేను వదిలి పైకి తిరిగాక అసలు వాలు మొదలవుతుంది, పై భాగంలో కొన్ని మీటర్లు 20 శాతం దాకా పోతుంది. సగటు 9.4 అని రాసి ఉంటుంది గానీ, కాళ్లు సగటును తొక్కవు కదా. రోడ్డు మీద తెల్ల రంగుతో వరసగా ఫిల్, ఫిల్ అని రాసి ఉంటుంది. కొండ కింద ఉన్న రెముషాం ఊరివాడు, 2011లో ఈ రేసు గెలిచిన ఫిలిప్ జిల్బేర్ పేరు అది. అతను సైకిలు దిగి కొన్నేళ్లయినా అభిమానులు రంగు వేయడం మానలేదు.

ఇంకో సంగతి. రెదూత్ నెత్తికి చేరగానే దిగుడు రాదు. గాలి కొట్టే మిట్ట మీద, కంటికి చదునుగా కనిపిస్తూనే ఇంకా కొంచెం ఎక్కుతూ పోయే రోడ్డు ఉంటుంది. కొండ మీద ఊపిరి పోగొట్టుకున్నవాడు అక్కడ కోలుకోలేడు. కొండ మీద ఐదు సెకన్లు సంపాదించినవాడు అక్కడ ఇరవై చేసుకుంటాడు. 2022లో, 2023లో ఎవెనెపూల్, 2024లో పొగాచార్ గెలిచింది ఈ కొండా ఈ మిట్టా కలిసిన చోటే. మూడేళ్లూ ఒకే చోట దూకారు. అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

ఎందుకు చేయలేకపోయారో చూస్తేనే రేపు ఎవరికి ఎంత అవకాశం ఉందో తెలుస్తుంది. చదును దారిలో ముందువాడి చక్రం వెనక దాక్కుంటే పావు వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ కలిసొస్తుంది. నిట్ట ఎక్కుడులో వేగం తక్కువ కాబట్టి ఆ చాటు పెద్దగా ఉపయోగపడదు. అక్కడ బలమైనవాడు బలహీనుణ్ణి వదిలించుకోగలడు. కొండ దాటాక మళ్లీ చాటు విలువ పెరుగుతుంది, అంటే వెనక తరిమే గుంపుకే లాభం ఉండాలి. కానీ ఉండడం లేదు. పోయిన ఏడాది పొగాచార్ వెళ్లిపోయాక వెనక చాలామందే మిగిలారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ప్రతివాడూ పక్కవాడు లాగాలని చూశాడు, రెండో స్థానం కోసం కాళ్లు దాచుకున్నాడు. ఒంటరిగా ముందుకు కదిలి రెండో స్థానం తెచ్చుకున్న రొమెయిన్ బార్దే కూడా పొగాచార్‌కి 1 నిమిషం 39 సెకన్లు వెనక. పదిహేను మంది కంటే ఇద్దరు ప్రమాదకరం అని ఆమ్‌స్టెల్ చూపించింది. ఇద్దరైతే ఎగ్గొట్టడం కుదరదు.

పైగా లియేజ్‌లో తరమడానికి చోటు తక్కువ. రెదూత్ నుంచి రోష్-ఓ-ఫోకోన్ దాకా 20 కిలోమీటర్లే. ఆ రెండో కొండ 1.3 కిలోమీటర్లు, 11 శాతం. అక్కడికి పొగాచార్ 30 సెకన్ల తేడాతో చేరితే, దిగేసరికి అది నిమిషమవుతుంది. తర్వాత చాలావరకు దిగుడే. కాబట్టి రెదూత్ దాకా ఊరుకుని, అప్పుడు చూద్దాం అనుకునే జట్టు ఏదైనా సరే, అది రెండో స్థానం కోసం వచ్చిన జట్టే. ఈ మాట కొంచెం కటువుగా ఉందని తెలుసు, అయినా మార్చను.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. పొగాచార్ గురించి ఎక్కువ చెప్పను. 26 ఏళ్లు, ఒంటి మీద ప్రపంచ విజేత ఇంద్రధనుస్సు జెర్సీ, ఇప్పటికే ఎనిమిది మహా రేసుల విజయాలు: లొంబార్దియా నాలుగు, ఫ్లాండర్స్ రెండు, లియేజ్ రెండు. ఈ వసంతంలో స్త్రాదే బియాంకేలో కిందపడి, చేతికీ మోకాలికీ రక్తం కారుతుండగా లేచి గెలిచాడు. మిలాన్–సాన్ రెమోలో మూడు, ఫ్లాండర్స్‌లో ఒకటి, జీవితంలో మొదటిసారి వెళ్లిన పారిస్–రూబేలో మలుపు దగ్గర పడిపోయి కూడా రెండు, ఆమ్‌స్టెల్‌లో రెండు, ఫ్లెష్‌లో ఒకటి. ఒక్కసారీ మూడో స్థానం దాటలేదు. అతను అలిసిపోయాడని ఆమ్‌స్టెల్ రాత్రి చాలామంది రాశారు. బుధవారం మ్యూర్ మీద చూశాక ఎవరూ రాయడం లేదు. నాకు మాత్రం ఆ అనుమానం పూర్తిగా పోలేదు. మ్యూర్ మీద కావలసింది మూడు నిమిషాల బలం. రెదూత్ తర్వాత ముప్పావు గంట పైగా ఒంటరిగా తొక్కడానికి కావలసింది వేరు. ఆమ్‌స్టెల్‌లో అతనికి చాలకపోయింది అదే. రాళ్ల దారుల్లో రూబే తొక్కి రెండు వారాలే అయింది.

ఇక ఎవెనెపూల్. నేను రేపటి కోసం ఎదురుచూసేది నిజానికి ఈ జంట కోసం. ఇది విచిత్రం అనిపిస్తుంది: గత నాలుగు లియేజ్ రేసుల్నీ వీళ్లిద్దరే చెరి సగం పంచుకున్నారు, కానీ ఒకరినొకరు ఓడించి గెలవలేదు. 2021లో పొగాచార్ గెలిచినప్పుడు ఎవెనెపూల్ రాలేదు. 2022లో పొగాచార్‌కి కాబోయే అత్తగారు చనిపోవడంతో అతను రేసు మానుకుని వెళ్లిపోయాడు, ఎవెనెపూల్ గెలిచాడు. 2023లో ఇద్దరూ వచ్చారు, అందరం సర్దుకుని కూర్చున్నాం. వంద కిలోమీటర్లు కూడా కాకముందే పొగాచార్ పడిపోయి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. 2024లో ఎవెనెపూల్ వంతు: రెండున్నర వారాల ముందు బాస్క్ దేశంలో జరిగిన ఘోరమైన ప్రమాదంలో అతని కాలర్ బోన్ విరిగింది. నాలుగేళ్లుగా వాయిదా పడుతూ వచ్చిన ఈ జోడీ రేపైనా రెదూత్ కిందికి కలిసి చేరాలని, ఇద్దరి ఎముకలూ చోటులో ఉండాలని నా కోరిక.

అతని శరీరం ఏ స్థితిలో ఉందన్నదే ప్రశ్న. డిసెంబరులో శిక్షణలో ఉండగా ఆగి ఉన్న తపాలా వ్యాను తలుపు తెరుచుకుని, దానికి గుద్దుకున్నాడు. పక్కటెముక, భుజం ఎముక, చేతి ఎముక విరిగాయి. ఊపిరితిత్తులకీ దెబ్బ తగిలింది. తిరిగి రేసుల్లోకి వచ్చింది ఏప్రిల్ 18న. వచ్చిన మొదటి రోజే బ్రబాంట్సె పేల్ రేసులో వౌట్ వాన్ ఆర్ట్‌ను స్ప్రింట్‌లో ఓడించాడు. రెండు రోజులకు ఆమ్‌స్టెల్‌లో మూడు. బుధవారం ఫ్లెష్‌లో తొమ్మిది. చివరి దాన్ని చూసి కొందరు తేల్చేస్తున్నారు. నేను తేల్చను. మ్యూర్ ఎప్పుడూ అతని కొండ కాదు. అతని బలం ఒకే వేగాన్ని గంటసేపు పట్టి ఉంచడంలో ఉంది. పారిస్ ఒలింపిక్స్‌లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు), రోడ్ రేస్ రెండు బంగారు పతకాలూ అలాగే తెచ్చుకున్నాడు. లియేజ్ దారి అతనికి సరిపోతుంది. నా భయం వేరే. మూడు రోజుల రేసులతో 250 కిలోమీటర్ల రోజుకు తగినంత లోతు వస్తుందా? ఆరో గంటలో కాళ్లు ఖాళీ అయ్యేది అలాంటి శీతాకాలం గడిపినవాడికే. రెదూత్ మీద పొగాచార్ దూకినప్పుడు అతని చక్రాన్నే పట్టుకోవాలని ఎవెనెపూల్ ప్రయత్నిస్తే పేలిపోతాడని నా అంచనా. తన వేగంలో ఎక్కి, పది సెకన్ల వెనక మిట్ట మీదికి చేరి, పక్కన ఇంకొకడు దొరికితే ఆమ్‌స్టెల్ మళ్లీ జరగొచ్చు.

ఆ ఇంకొకడు ఎవరన్న దగ్గరే మిగతా పేర్లన్నీ నాకు ముఖ్యమవుతున్నాయి. కాగితం మీద అన్నిటికంటే అక్కరకొచ్చే జట్టు లిడ్ల్–ట్రెక్. మాతియాస్ స్కెల్మోసే ఆమ్‌స్టెల్ గెలిచినవాడు, అయితే ఫ్లెష్‌లో పడిపోయి మధ్యలోనే దిగిపోయాడు. నొప్పులు తగ్గాయో లేదో రేపు తెలుస్తుంది. జూలియో చిక్కోనే ఇటలీ కొండల మనిషి. ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో పొగాచార్ తర్వాత రెండో స్థానం, పోయిన అక్టోబరులో లొంబార్దియాలో మూడు, ఈ సోమవారమే టూర్ ఆఫ్ ది ఆల్ప్స్ మొదటి అంచె గెలిచాడు. ఇతని పేరు బెట్టింగ్ పట్టికల్లో బాగా కింద కనిపిస్తోంది, అది నాకు అర్థం కాదు. మూడోవాడు తిబో నైస్: బురద దారుల్లో జరిగే సైక్లోక్రాస్‌లో మహామహుడైన స్వెన్ నైస్ కొడుకు, చిన్న ఎక్కుడు చివర స్ప్రింట్‌లో ఇతన్ని ఓడించడం కష్టం. ముగ్గురూ మంచి కాళ్లతో ఉంటే ఒకణ్ణి ఒత్-లెవే దగ్గరే ముందుకు పంపొచ్చు. ముందుకు వెళ్లినవాడు గెలవడానికి కాదు. వెనక నుంచి నాయకుడు వచ్చి కలిసినప్పుడు కాసేపు లాగడానికి ఒక మనిషి ముందే సిద్ధంగా ఉంటాడు. అంతకుమించి, పొగాచార్ జట్టు రెదూత్ చేరకముందే తరమడంలో తన మనుషుల్ని ఖర్చు పెట్టుకోవాలి. వీళ్లు ఆ పని చేస్తారా? ముగ్గురినీ రెదూత్ దాకా దాచుకుని, ముగ్గురినీ ఒకేసారి పోగొట్టుకునే ప్రమాదమే ఎక్కువ. పెద్ద జట్లు అలాగే చేస్తాయి, ఎన్నిసార్లు చూడలేదు!

బెన్ హీలీ అలా చేయడు. ఈ ఐర్లాండ్ కుర్రాడంటే నాకున్న పక్షపాతాన్ని దాచుకోను. తల వంకరగా పెట్టి, మోచేతులు ముందుకు చాచి, గుంపును వదిలి దూరం నుంచే వెళ్లిపోవడం అతని పద్ధతి. చూడడానికి ఏమాత్రం అందంగా ఉండదు. 2023లో ఆమ్‌స్టెల్‌లో రెండు, అదే ఏడు ఇక్కడ నాలుగు. ఈ నెలలో బాస్క్ దేశపు రేసు ఇట్జూలియాలో ఒక అంచె గెలిచాడు, ఫ్లెష్‌లో ఐదో స్థానం. మ్యూర్ లాంటి నిట్ట కొండ మీద అతను ఐదో స్థానంలో వచ్చాడంటే కాళ్లు మామూలుగా లేవు. అతను రెదూత్‌కి ముందే, దెనియే మీద గానీ ఆ దిగుడులో గానీ కదులుతాడని అనుకుంటున్నాను. అతనికి 20 సెకన్ల ఆధిక్యం ఉండగా పొగాచార్ వచ్చి దాటిపోయినా, వెనకవాళ్లకు లాగే మనిషి ఒకడు దొరికినట్టే.

టామ్ పిడ్‌కాక్ వేరే రకం. 2023లో ఎవెనెపూల్ వెనక రెండో స్థానం. ఈ ఏడాది ఇనియోస్ లాంటి పెద్ద జట్టును వదిలి, రెండో శ్రేణి జట్టు క్యూ36.5కి వెళ్లాడు, డబ్బు కోసమే అన్నవాళ్లు ఫలితాలు చూశాక సర్దుకున్నారు. స్త్రాదే బియాంకేలో పొగాచార్ పడిపోయినప్పుడు పిడ్‌కాక్ ముందుకు పారిపోకుండా ఆగి, అతను లేచి వచ్చేదాకా నెమ్మదిగా తొక్కాడు. తర్వాత పొగాచార్ అతన్ని వదిలేసి గెలిచాడు. పెద్దమనసు సరే, ఫలితం రెండో స్థానం. దిగుడు దారుల్లో ఇతన్ని మించినవాడు లేడు, రెదూత్ తర్వాతి దిగుళ్లలో కొన్ని సెకన్లు రాబట్టగలడు. కానీ 200 కిలోమీటర్లు దాటాక అతని చుట్టూ జట్టువాళ్లు ఎంతమంది మిగులుతారు? రెదూత్ కింద ఇరుకు రోడ్డు మీదికి ముందు వరసలో చేరడానికి నలుగురు కావాలి. ఇరవయ్యో స్థానంలో ఆ మలుపు తిరిగినవాడికి పొగాచార్ వీపు కూడా కనపడదు.

మిగతావాళ్లను త్వరగా చూసేద్దాం. ఫ్లెష్‌లో వరసగా రెండో ఏడాదీ రెండో స్థానం తెచ్చుకున్న వోక్లాన్ మ్యూర్ మనిషి, ఇంత దూరపు రేసు అతనికి ఇంకా కొత్తే. బహ్రెయిన్ జట్టులో సాంటియాగో బుయిత్రాగో 2023లో ఇక్కడ మూడు. అతని పక్కనున్న లెనీ మార్టినెజ్ బుధవారం నాలుగు. ఈ ఇద్దర్లో ఒకరు మొదటి ఐదుగురిలో ఉంటారు, ఎవరో చెప్పలేను. బార్దేకి ఇది చివరి లియేజ్. ఈ వేసవిలో రోడ్డు రేసులకు వీడ్కోలు చెబుతున్నాడు.

అలాఫిలిప్‌ను మాత్రం ఒక్క వాక్యంతో దాటలేను. 2015లో రెండు, 2021లో రెండు. మధ్యలో 2020: లియేజ్ ముగింపు గీత ముందు గెలిచేశాననుకుని రెండు చేతులూ పైకెత్తాడు, పక్కనుంచి ప్రిమోజ్ రోగ్లిచ్ చక్రం విసిరి దాటేశాడు. పైగా స్ప్రింట్‌లో పక్కకి జరిగి అడ్డొచ్చాడని ఐదో స్థానానికి దించేశారు. ఈ రేసు ఇంత గట్టిగా ముఖం చాటేసిన గొప్ప ఆటగాడు ఇంకొకడు లేడు. వయసు 32. గెలవడు. కానీ పోయిన ఆదివారం మొదట కదిలింది అతనే అని మరిచిపోవద్దు. అందరూ ఊరుకున్న వేళ ఊరుకోలేకపోవడం అతని స్వభావం, రేపటి రేసుకు కావలసింది అలాంటి మనుషులే.

మహిళల రేసు కూడా రేపే, బాస్తోన్ నుంచి లియేజ్‌కి, 150 కిలోమీటర్ల చిల్లర. నిజం చెప్పాలంటే, ఎవరు గెలుస్తారో తెలియని రేసు కావాలంటే మా తమ్ముడు దాన్ని చూడాలి. డెమి వొలెరింగ్ 2021లో, 2023లో గెలిచింది. ఫ్లెష్‌లో మాత్రం పుక్ పీటర్సె ఆమెను మ్యూర్ మీద ఓడించింది. ఎలీసా లోంగో బోర్గీనీ మూడు. ఈ ముగ్గురిలో ఎవరైనా ఒంటరిగా వెళ్లగలరు, ఎవరైనా మిగతా ఇద్దరి చేతా పట్టుబడగలరు. పురుషుల రేసులో నేను కోరుకుంటున్నది అక్కడ మామూలుగానే దొరుకుతుంది.

వాతావరణం చెడిపోతే లెక్కలన్నీ మారతాయి. 1980లో మంచు కురిసిన రోజు 174 మంది బయలుదేరితే 21 మందే తిరిగొచ్చారు. బెర్నార్ ఇనో తొమ్మిది నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు, రెండు వేళ్లలో స్పర్శ ఆ తర్వాత సరిగా రాలేదు. ఏప్రిల్ చివర ఆర్డెన్ కొండల్లో అలాంటిది అసాధ్యం కాదు. 2016లో కూడా మంచు పడింది.

సమయం లేనివాళ్లకు ఒక సూచన. చివరి గంట చూస్తే చాలని అందరూ అంటారు. నేను చెప్పేది ముగింపుకు 90 కిలోమీటర్ల దగ్గర, వాన్ కొండ కింద టీవీ పెట్టమని. అక్కడి నుంచి ఒత్-లెవే దాకా ఎవరైనా పేరున్నవాడు ముందుకు వెళ్లాడా, పొగాచార్ చుట్టూ అతని జట్టు తెల్ల జెర్సీలు ఎన్ని ఉన్నాయి అన్నది చూడండి. ఒత్-లెవే దాటేసరికి అతని జట్టువాళ్లు ఐదుగురు తాపీగా ముందు తొక్కుతూ, వాళ్లకు ఎదురుగా ఒక్క ప్రమాదకరమైన మనిషీ లేకపోతే, మీరు నిశ్చింతగా వేరే పని చూసుకుని రెదూత్‌కి రావచ్చు. ఇద్దరే మిగిలి, ముందు హీలీయో నైసో ఉంటే, కుర్చీ వదలొద్దు.

నా అంచనా రాసి పెడుతున్నాను. పొగాచార్ మొదట, ఎవెనెపూల్ రెండు, హీలీ మూడు. చిక్కోనేని మూడో స్థానంలో పెట్టాలని రెండుసార్లు చెరిపి రాశాను, చివరికి పక్షపాతమే గెలిచింది. పొగాచార్ ఒంటరిగా వస్తాడన్నది నూటికి డెబ్బై పాళ్లు. మిగతా ముప్పై పాళ్ల కోసం ఆరు గంటలు కూర్చుంటానని తమ్ముడికి చెప్పాను. సరే, రెదూత్ దగ్గర ఫోను చెయ్యి అన్నాడు. వాన్ దగ్గరే చేస్తాను.